ఫార్మాట్ కొట్టేముందు

దగ్గరలో సైంటిఫిక్ కాలిక్యులేటర్ ఉంటే ఒకసారి చేతిలోకి తీసుకోండి. సైన్ 30 ఎంతో కొట్టి చూడండి. పదో తరగతి పిల్లలకు ఈ జవాబు నోటికే వచ్చు: అర. అయితే తెర పైభాగంలో డి అనే చిన్న అక్షరం కనిపిస్తుంటేనే మీకు 0.5 వస్తుంది. ఆ చోట ఆర్ ఉంటే మైనస్ 0.988 వస్తుంది, జి ఉంటే 0.454 వస్తుంది. ఈ మూడింటిలో ఏదీ తప్పు కాదు. మొదటిది 30 డిగ్రీల సైన్, రెండోది 30 రేడియన్లది, మూడోది లంబకోణాన్ని నూరు భాగాలు చేసి కొలిచే గ్రేడ్‌లది. కాలిక్యులేటర్ చెడిపోలేదు, బ్యాటరీ దిగిపోలేదు. నిన్న దాన్ని వాడినవాళ్లు ఒక కొలత పెట్టి వదిలేశారు, ఇవాళ మనం అది చూసుకోకుండా ప్రశ్న అడిగాం. పరీక్ష హాల్లో ఇలా మార్కులు పోగొట్టుకున్నవాళ్లు ఏ కాలేజీలోనైనా దొరుకుతారు. ఇవాళ్టి మాట ఈ చిన్న అక్షరం గురించే. కాలిక్యులేటర్‌లో అది కళ్లెదుటే ఉంటుంది. కంప్యూటర్‌లో అయితే తెరమీద ఉండదు, ఎక్కడో ఫోల్డర్ల అడుగున ఒక ఫైల్‌లో ఉంటుంది.

వికారాబాద్ కావచ్చు, తాండూరు కావచ్చు, కాలేజీ ల్యాబ్ అంటే ఒక్కో మిషన్ మీద పూటకొకరు కూర్చునే చోటు. గణితానికీ గణాంకాలకూ వాడే సాఫ్ట్‌వేర్ ఎక్కువగా ఉచితంగా దొరికేదే: ఆక్టేవ్, సైలాబ్, మాక్సిమా, ఆర్, జియోజీబ్రా. డబ్బు కట్టగలిగిన చోట మ్యాట్‌ల్యాబ్, మ్యాథమాటికా. వీటిలో ఏది మొరాయించినా వినపడే సలహా ఒకటే: తీసేసి మళ్లీ వేయండి. అప్పటికీ లొంగకపోతే ఇంకో మెట్టు ఎక్కుతారు: సిస్టమ్ ఫార్మాట్ కొట్టించండి. ఈ సలహా చాలాసార్లు తప్పుడు సలహా అని నా వాదన. లెక్కలు చేసే సాఫ్ట్‌వేర్ వింత జవాబులు ఇస్తున్నా, తెరుచుకుంటూనే ఎర్రక్షరాలు చిమ్ముతున్నా, ముందుగా అనుమానించాల్సింది ప్రోగ్రాంను కాదు, అది లేస్తూనే చదువుకునే సెట్టింగులను. తీసేసి మళ్లీ వేస్తే ప్రోగ్రాం కొత్తదవుతుంది, సెట్టింగులు పాతవే మిగులుతాయి. అందుకే రోగం మళ్లీ అదే పూట తిరగబెడుతుంది, ఆ తర్వాత మనం కంప్యూటర్‌నే తిట్టుకుంటాం.

ఎందుకు మిగులుతాయో చూద్దాం. ఆక్టేవ్‌నే తీసుకోండి. అమెరికాలో జాన్ ఈటన్ 1992లో రాయడం మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. పేరు సంగీతానికి సంబంధించింది కాదు, ఆయనకు కెమికల్ ఇంజనీరింగ్ చెప్పిన ఆక్టేవ్ లెవెన్‌స్పీల్ అనే ప్రొఫెసర్‌ది. దాని బొమ్మ మీద నొక్కాక, తెర మీద ప్రశ్న అడిగే గుర్తు వచ్చేలోపు అది కొన్ని ఫైళ్లను వెతికి చదువుకుంటుంది. ఒకటి ప్రోగ్రాంతోపాటు వచ్చింది, ఒకటి కాలేజీ మొత్తానికి పెట్టుకునేది, ఒకటి వాడేవాడి సొంత ఫోల్డర్‌లో ఉండేది, మరొకటి అది తెరుచుకున్న ఫోల్డర్‌లో ఉండేది. సొంత ఫోల్డర్‌లో ఉండేదాని పేరు చుక్కతో మొదలవుతుంది: చుక్క ఆక్టేవ్ ఆర్‌సి. ఈ ఆర్‌సి బండి కాగితాల ఆర్‌సి కాదు. రన్ కమాండ్స్ అనే రెండు మాటలకు పొట్టిపేరు, 1960ల నాటి కంప్యూటర్ల నుంచి అలాగే నిలిచిపోయింది. పేరు ముందు చుక్క ఉంటే లినక్స్‌లో ఆ ఫైలు మామూలు జాబితాలో కనపడదు. విండోస్‌లో ఇలాంటివి చాలావరకు యాప్ డేటా అనే దాగి ఉన్న ఫోల్డర్‌లో కూర్చుంటాయి. సాఫ్ట్‌వేర్ తీసేసేటప్పుడు ఈ సొంత ఫైళ్లను సాధారణంగా ముట్టుకోరు. అది మరుపు కాదు, కావాలనే అలా చేస్తారు. కొత్త వెర్షన్ వేసుకున్న ప్రతిసారీ మన అక్షరాల సైజు దగ్గర్నుంచి అన్నీ పోతే మనమే గోల చేస్తాం కదా.

ఇప్పుడు ఒక మిషన్‌ను దగ్గరగా చూద్దాం. ఒక విద్యార్థికి సొంతంగా సగటు కట్టే ప్రోగ్రాం రాయమని ప్రాక్టికల్ ఇచ్చారు. లెక్కలో పది సంఖ్యలు ఉన్నాయి కాబట్టి, అన్నీ కూడి పదితో భాగించమని రాశాడు. దానికి మీన్ అని పేరు పెట్టి తన ఫోల్డర్‌లో దాచుకున్నాడు, మార్కులూ వచ్చాయి. ఆక్టేవ్ ప్రిఫరెన్సెస్‌లో ఒక గడి ఉంది, నిన్న పనిచేసిన ఫోల్డర్‌లోనే ఇవాళా తెరుచుకోమని చెప్పేది. ఎవరో దానికి టిక్ పెట్టి ఉన్నారు. మర్నాడు అదే మిషన్ దగ్గర కూర్చున్న అమ్మాయికి ఈ సంగతేమీ తెలియదు. పన్నెండు నెలల వానలెక్క ఇచ్చి మీన్ అడిగింది. మొత్తం 960 మిల్లీమీటర్లనుకుందాం. సగటు 80 రావాలి. 96 వచ్చింది. ఎర్రక్షరాలు లేవు, మొరాయింపు లేదు, మర్యాదగా తప్పు జవాబు వచ్చింది. మీన్ అనే పేరు వినగానే ఆక్టేవ్ ముందు తాను నిలబడ్డ ఫోల్డర్‌లో వెతుకుతుంది, అక్కడ దొరికితే తన సొంత మీన్ దాకా వెళ్లదు. నిజానికి అది ఊరికే ఉండదు, మీ ఫోల్డర్‌లోని ఈ ఫైలు నా అసలు ఫంక్షన్‌ను కప్పేస్తోంది అని ఒక వరుస హెచ్చరిక రాస్తుంది. తెరుచుకునేటప్పుడు వచ్చే నాలుగు వరుసల ఇంగ్లీషును ఎవరు చదువుతారు?

వికారాబాద్, తాండూరు ప్రాంతంవాళ్లకు దీన్ని వివరించడం సులువు. సికింద్రాబాద్ నుంచి వాడీ వెళ్లే రైలుమార్గం 1874లో పడింది. వికారాబాద్ జంక్షన్‌లో అది చీలుతుంది. ఒక దారి తాండూరు మీదుగా వాడీకి, రెండోది జహీరాబాద్, బీదర్ మీదుగా పర్లికి. పాయింట్లు ఎటు పెడితే రైలు అటు పోతుంది. తాండూరు టికెట్ కొనుక్కుని జహీరాబాద్‌లో తేలినవాడు ఇంజను మార్చమని అడగడు, పాయింట్లు ఎవరు మార్చారని అడుగుతాడు. సాఫ్ట్‌వేర్‌ను తీసేసి మళ్లీ వేయడమంటే ఇంజను మార్చి అవే పాయింట్ల మీద మళ్లీ నడపడమే. పాయింట్లు ఎటున్నాయో ఆక్టేవ్ తానే చెబుతుంది. విచ్ అని కొట్టి, పక్కన ఫంక్షన్ పేరు రాస్తే చాలు, దాన్ని ఏ ఫోల్డర్‌లోని ఏ ఫైల్ నుంచి తెచ్చిందో వరుసగా చూపిస్తుంది. ఆ అమ్మాయి విచ్ మీన్ అని కొట్టి ఉంటే, నిన్నటి అబ్బాయి ఫోల్డర్ పేరు కనిపించేది.

ఆర్ వాడేవాళ్లకు ఇంకో రకం చిక్కు ఉంది, ఇది మరీ నిశ్శబ్దమైనది. ఆర్ మూసేటప్పుడు వర్క్‌స్పేస్ దాచుకోమంటావా అని అడుగుతుంది. చాలామంది ఆలోచించకుండా వై నొక్కుతారు. అప్పటిదాకా పెట్టుకున్న పేర్లూ విలువలూ అన్నీ ఒక ఫైల్‌లోకి వెళతాయి, మళ్లీ అదే ఫోల్డర్‌లో తెరిచినప్పుడు పిలవకుండానే వచ్చి కూర్చుంటాయి. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, అక్కడ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం పరిశోధన కేంద్రమూ ఉంది. కాబట్టి కంది దిగుబడినే ఉదాహరణగా పెట్టుకుందాం. ఒకడు ఎరువు మోతాదుకు ఎఫ్ అని పేరు పెట్టి, దాని విలువ 20 అని రాసుకున్నాడు. ఫెర్టిలైజర్ కాబట్టి ఎఫ్, బాగానే ఉంది. కానీ ఆర్ భాషలో ఎఫ్ అనేది ఫాల్స్ అనే మాటకు పొట్టిరూపం, దాన్ని మనం మార్చేసినా ఆర్ అడ్డుచెప్పదు. పూర్తిగా ఫాల్స్ అని రాస్తే మార్చనివ్వదు, ఒక్క అక్షరమైతే మార్చనిస్తుంది. మర్నాడు 30 పొలాల పట్టిక చదివించేటప్పుడు, మొదటి వరుస శీర్షిక కాదు అని చెప్పడానికి హెడర్ ఈక్వల్స్ ఎఫ్ అని రాశాడు. నిన్నటి ఎఫ్ ఇవాళ 20. సున్నా కానిదేదైనా ఆర్‌కు అవును కిందే లెక్క. మొదటి పొలం శీర్షికైపోయింది, మిగిలింది 29 పొలాలు. కాలమ్ నంబరుతో సగటు అడిగినవాడికి ఈ తేడా తెలియను కూడా తెలియదు. ఆర్‌ను తీసేసి మళ్లీ వేస్తే? ఆ దాచిన ఫైలు అతని ఫోల్డర్‌లో అలాగే ఉంటుంది, కొత్త ఆర్ దాన్నీ అంతే ప్రేమగా చదువుకుంటుంది.

మరి ఏం చేయాలి? తాండూరు నాపరాయి పరిచే మేస్త్రీ దగ్గర దీనికి జవాబు ఉంది. బండ వాలుగా ఉన్నట్టు రసమట్టం చూపిస్తే, మంచి మేస్త్రీ వెంటనే బండ పీకడు. రసమట్టాన్ని అదే చోట అటూఇటూ తిప్పి పెడతాడు. బుడగ ఈసారీ ఎత్తైన వైపే నిలిస్తే తప్పు బండది. రసమట్టంతో పాటు బుడగా తిరిగిపోతే తప్పు రసమట్టానిది. ఖర్చు లేని పరీక్ష, బండకు గీత పడదు. సాఫ్ట్‌వేర్‌లోనూ అలాంటి పరీక్ష ఉంది: సెట్టింగులేవీ చదవకుండా ఒక్కసారి లేవమని చెప్పడం. ఆక్టేవ్‌ను కమాండ్ విండో నుంచి తెరుస్తూ పక్కన డాష్ డాష్ నోఆర్‌సి అని రాస్తే అది ఆర్‌సి ఫైళ్లను ముట్టుకోదు. ఆర్‌కు డాష్ డాష్ వెనిల్లా. మాక్సిమాకు డాష్ డాష్ నో-ఇనిట్. సైలాబ్‌కు డాష్ నోయూజర్‌స్టార్టప్. మ్యాథమాటికాకు కంట్రోల్, షిఫ్ట్ రెండూ నొక్కి పట్టుకుని తెరిస్తే తెరకు సంబంధించిన సెట్టింగులు మొదటి స్థితికి పోతాయి. మ్యాట్‌ల్యాబ్‌లో ప్రెఫ్‌డిర్ అని కొడితే సెట్టింగుల ఫోల్డర్ ఎక్కడుందో చెబుతుంది. మూసేసి ఆ ఫోల్డర్ పేరు మార్చి తెరిస్తే, కొత్తది తానే కట్టుకుంటుంది. పేరు మార్చాలి, చెరపకూడదు. ఆర్‌సి ఫైళ్లకూ ఇదే పద్ధతి. ఇలా శుభ్రంగా లేచినప్పుడు జవాబు సరిగ్గా వస్తే ప్రోగ్రాం నిర్దోషి, దొంగ సెట్టింగుల్లోనే ఉన్నాడు. అప్పుడూ తప్పే వస్తే అనుమానం వేరే దిక్కుకు తిప్పవచ్చు. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. నోఆర్‌సి అన్నా ఆక్టేవ్ తాను నిలబడ్డ ఫోల్డర్‌లో వెతకడం మానదు. కాబట్టి ఈ పరీక్షను ఎప్పుడూ ఖాళీ ఫోల్డర్‌లో నిలబడి చేయాలి.

దొంగ ఆర్‌సి ఫైల్‌లో ఉన్నాడని తేలాక ఏ వరుసలో ఉన్నాడో పట్టుకోవడానికి, మన విద్యార్థులు సంఖ్యాత్మక పద్ధతుల పుస్తకంలో చదువుకునే సమద్విఖండన పద్ధతే సరిపోతుంది. మూలం ఏ సగంలో ఉందో చూసి రెండో సగాన్ని వదిలేస్తూ పోవడం. ఫైల్‌లో 32 వరుసలు ఉంటే 16 వరుసల ముందు వ్యాఖ్య గుర్తు పెట్టి పనిచేయకుండా ఆపండి, తెరిచి చూడండి. తప్పు పోతే దోషం ఆపినవాటిలో, పోకపోతే మిగిలినవాటిలో. ఆ తర్వాత 8, 4, 2, 1. ఐదు ప్రయత్నాల్లో పట్టుబడుతుంది. ఒక్కో వరుసనూ చూస్తూ పోతే 31 దాకా పట్టవచ్చు. రెండు వరుసలు కలిస్తేనే తప్పు పుట్టే సందర్భాల్లో ఈ పద్ధతి తికమకపెడుతుంది, నిజమే. ఆ తికమక కూడా ఒక ఆధారమే: ఏ సగాన్ని ఆపినా తప్పు మాయమవుతోందంటే ఇద్దరు దొంగలున్నారని అర్థం.

ఇక అభ్యంతరాలు. ల్యాబ్ చూసుకునేవాళ్లు మొదట అనేది, ఇంత దర్యాప్తుకు తీరికెక్కడిది, 30 మిషన్లున్నాయి, రేపు ప్రాక్టికల్ పరీక్ష, మళ్లీ వేస్తే గంటలో అయిపోతుంది కదా అని. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. డౌన్‌లోడ్ సగంలో తెగినా, ఇన్‌స్టాల్ అవుతుండగా కరెంటు పోయినా, రెండు వెర్షన్లు ఒకే ఫోల్డర్‌లో కలగాపులగమైనా మళ్లీ వేయడమే సరైన మందు. కానీ వందల ఎంబీల ఫైలు దించి 30 మిషన్లలో వేయడానికి గంట చాలదు. ఒక ఫైల్ పేరు మార్చి తెరిచి చూడడానికి నిమిషం పడుతుంది. నిమిషం పని ముందు చేసి, అది తేలకపోతే గంటల పని పెట్టుకోండి అంటున్నాను. ఇక ఫార్మాట్ సంగతి. అది సెట్టింగులతో పాటు పిల్లల రికార్డులనూ తుడిచేస్తుంది. పైగా తప్పు ఎందుకొచ్చిందో చెప్పే ఆధారం కూడా పోతుంది. నెల తర్వాత అదే విద్యార్థి మళ్లీ మీన్ అని ఫైలు దాచుకుంటాడు.

రెండో అభ్యంతరం గట్టిది. ప్రోగ్రాం ఎప్పుడూ నిర్దోషి అని ఎలా అంటారు, అసలు యంత్రమే తప్పు చేయవచ్చు కదా? చేయవచ్చు, చేసింది కూడా. 1994లో అమెరికాలోని లించ్‌బర్గ్ కాలేజీ గణిత ప్రొఫెసర్ థామస్ నైస్‌లీ కవల ప్రధాన సంఖ్యల వ్యుత్క్రమాలను కూడుతుంటే జూన్ నెలలో లెక్క కుదరలేదు. ఆయన వెంటనే చిప్ చెడ్డదని అరవలేదు. తన ప్రోగ్రాంను అనుమానించారు, దాన్ని తర్జుమా చేసే కంపైలర్‌ను అనుమానించారు, మదర్‌బోర్డును అనుమానించారు. ఒక్కొక్కటీ మార్చి చూసి, అన్నీ తప్పించాక అక్టోబరులో ఇంటెల్‌కు తెలియజేశారు, మీ కొత్త పెంటియం చిప్ భాగహారం తప్పు చేస్తోందని. 4195835ను 3145727తో భాగిస్తే 1.33382 రావాలి, ఆ చిప్ 1.33374 ఇచ్చేది. భాగహారానికి వాడే పట్టికలో కొన్ని గడులు నింపకుండానే చిప్ తయారైపోయింది. ఇంటెల్‌కు అయిన నష్టం 47.5 కోట్ల డాలర్లు. ఈ కథను నా వాదనకు వ్యతిరేకంగా చెప్పేవాళ్లున్నారు. నాకైతే ఇంతకు మించిన సాక్ష్యం కనపడదు. నిజంగా చిప్పే తప్పు చేసిన చోట కూడా, తనవైపు తప్పు లేదని ముందు నిరూపించుకున్నారు కాబట్టే ఆ ప్రొఫెసర్ మాట నిలబడింది.

ఇదంతా ఇంగ్లీషులో ఉంటే తెలుగు మీడియం పిల్లలు ఎలా చదువుతారు, ల్యాబ్ సార్ చూసుకోవాల్సిన పని వాళ్ల నెత్తిన ఎందుకు అని కూడా అడుగుతారు. ఎర్రక్షరాల్లో ఇరవై వరుసలు వచ్చినప్పుడు అన్నీ చదవక్కర్లేదు. ఫైల్ పేరు, వరుస నంబరు ఉన్న చోటు వెతికితే చాలు, ఆ రెండూ ఏ భాషలోనైనా ఒకటే. ఐఐటీ బొంబాయిలో కన్నన్ మౌద్గల్య మొదలుపెట్టిన స్పోకెన్ ట్యుటోరియల్ పాఠాలు ఉచితంగా దొరుకుతాయి, వాటిలో తెలుగు మాటలతో ఉన్నవీ ఉన్నాయి. ఇక ల్యాబ్ సార్ సంగతి: కాలిక్యులేటర్‌లో డి ఉందో ఆర్ ఉందో చూసుకోవడం ఇన్విజిలేటర్ పని అని ఎవరూ అనరు కదా. ఇప్పుడంతా నెట్‌లోనే, బ్రౌజర్‌లో లెక్క చేసుకుంటే ఈ బెడద లేదు అనేవాళ్లకు ఒక్క మాట. అక్కడా మన ఖాతాలో సెట్టింగులు దాగుతాయి, పైగా అవి ఎక్కడున్నాయో వెతికి పేరు మార్చే వీలు కూడా ఉండదు.

ల్యాబులు చూసుకునేవాళ్లకు ఒక మనవి. పదిమంది వాడే మిషన్లలో నిన్నటి ఫోల్డర్‌లో తెరుచుకోమనే టిక్ తీసేయండి. ఆర్ స్టూడియోలో కూడా పాత వర్క్‌స్పేస్‌ను తిరిగి తెచ్చే గడి మొదటినుంచీ టిక్ పడే ఉంటుంది, దాన్నీ తీసేయండి. స్టార్టప్ ఫైల్ ఏ ఫోల్డర్‌లో ఉందో, చివరిసారి ఎవరు ఏ తేదీన మార్చారో ఒక కాగితం మీద రాసి మిషన్ పక్కన అతికించండి. తేదీ కూడా ఒక సెట్టింగే: మదర్‌బోర్డు మీది బటన్ సెల్ అయిపోయి అది వెనక్కి పోతే, లైసెన్స్ సాఫ్ట్‌వేర్ తెరుచుకోనంటుంది, అదీ సాఫ్ట్‌వేర్ చెడిపోవడం కాదు. విద్యార్థులు మాత్రం రేపు ల్యాబ్‌లో ఆక్టేవ్ తెరవగానే, లెక్క మొదలుపెట్టకముందే, విచ్ మీన్ అని ఒక్కసారి కొట్టండి. జవాబులో ఆక్టేవ్ సొంత ఫోల్డర్ కాక మరెవరి ఫోల్డర్ పేరు కనిపించినా, నిన్న ఆ మిషన్ మీద కట్టిన సగటులన్నీ మళ్లీ కట్టాల్సిందే.